డాక్టరుగారు చెప్పిన అత్తిపళ్లు

మా అత్తగారికి టైఫాయిడ్ వచ్చి తగ్గిన ఏడాది సంగతి ఇది. యాభైల నాటి మాట. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు, కాపురానికి వచ్చి ఏడాది దాటింది. మా ఊరు దెందులూరుకి దగ్గర. ఊరు దాటితే వరి పొలాలు, పొలాలు దాటితే కొల్లేరు.

జ్వరం నలభై రోజులుండి వదిలింది గానీ ఆవిడకి ఆకలి మాత్రం తిరిగి రాలేదు. అంతకు ముందు కోతల రోజుల్లో పాతికమంది కూలీలకి దగ్గరుండి వంట చేయించి, అందరూ తిన్నాక తాను కూచుని, చేపల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకునే మనిషి. అలాంటావిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. బతిమాలితే లేచి, నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని "చాలమ్మా" అనేవారు. చేప వాసన తగిలితే కడుపులో తిప్పేది. గంజి పోస్తే మొహం పక్కకి తిప్పేసుకునేవారు. ముంజేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి.

ఇంట్లో కోడళ్లం ఇద్దరం. మా పెద్ద తోడికోడలిది అత్తిలి. ఆవిణ్ణి నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. ఆవిడ పుట్టింటి నుంచి ఏటా బెల్లం దిమ్మలు బండి మీద దిగేవి. ఆవిడ చేతి తీపి వంటలకి మా బంధువుల్లో పేరుండేది. నాది కామవరపుకోట దగ్గర, వరి అంతగా పండని మెట్ట పల్లె. నేను కొత్తగా వచ్చినప్పుడు ఒకరోజు నలుగురి ముందూ ఆవిడ నన్ను, "మీ వైపు రోజూ వరన్నమే తింటారా, పండగలకేనా?" అని అడిగింది. ఎగతాళికే అన్నదో, తెలియక అడిగిందో ఇప్పటికీ నాకు తెలీదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత "ఉప్పేశారా", "నీళ్లు కాగాయా" లాంటివి తప్ప మా మధ్య మాటల్లేవు. ఆవిడ పొయ్యి దగ్గరుంటే నేను పెరట్లో ఏదో పని కల్పించుకునేదాన్ని. మా ఆయన తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో గుమాస్తా. ఆదివారాలు వచ్చేవారు. ఆయనకి ఇవన్నీ చెప్పుకోవడానికి నాకు మొహమాటం.

చలి తగ్గాక బావగారు అత్తగారిని బండిలో రోడ్డు దాకా తీసుకెళ్లి, అక్కణ్ణుంచి బస్సులో ఏలూరు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు. సాయంత్రం ఇద్దరూ తిరిగొచ్చారు. చేతిలో మందు సీసా ఏమీ లేదు.

"ఇంక మందులక్కర్లేదన్నారు," అన్నారు బావగారు, కాళ్లు కడుక్కుంటూ. "రోజూ అత్తిపళ్లు పెట్టమన్నారు. కడుపు సాఫీగా ఉంటుందిట, ఒంటికి సత్తువట. నెల పోయాక మళ్లీ తీసుకురమ్మన్నారు."

"అత్తిపళ్లంటే ఏవండీ?" అంది అక్కయ్య.

"మేడిపళ్లే. అత్తన్నా మేడన్నా ఒకటే చెట్టు కదా. కాలవ గట్ల మీద రాలి పడుంటాయి, చూళ్లేదూ?"

అక్కయ్య మొహం చిట్లించింది. "అవి కాకులు తినేవండీ. విప్పితే లోపలన్నీ పురుగులే. జ్వరం తగ్గిన మనిషికి ఎలా పెడతామండీ?"

నేను గుమ్మం పక్కనున్నాను. మాట్లాడాలని అనుకోలేదు గానీ నోట్లోంచి వచ్చేసింది. "మా ఊళ్లో పచ్చికాయలు కూర వండుతామండీ. లేత కాయల్లో పురుగుండదు."

అక్కయ్య నా వైపు తిరిగింది.

"నీకు చేతనవునా?" అంది.

"చేతనవునక్కయ్యా."

"అయితే కాయలు కూర చెయ్యి. పళ్ల సంగతి నేను చూస్తాను."

ఏడాదిలో ఆవిడ నాతో అన్ని మాటలు ఒక్కసారి అనడం అదే మొదలు.

కొల్లేటి లంక నుంచి మా ఇంటికి చేపలు తెచ్చే ఒకావిడ ఉండేది. అత్తగారికి వాసన పడక మేం చేపలు కొనడం మానేసినా, రోజూ మా వీధిలోంచి వెళ్తూ ఒక నిమిషం ఆగి, బుట్ట మాత్రం దూరంగా అరుగు చివర పెట్టి, "పెద్దమ్మగారికెలాగుందండీ?" అని అడిగి వెళ్లేది. మర్నాడు ఆవిణ్ణే మేడిచెట్టు ఎక్కడుందని అడిగాను.

"మా రేవు కాడ పెద్ద మేడుందండి. మొదలు నుంచీ గుత్తులు గుత్తులుగా కాస్తదండి. మేమెవరం తినమండి. మీరు తింటారాండీ?" అని నవ్వింది. "రేపు నేనే తెస్తానండి. చేప నీచు తగలకుండా తామరాకుల్లో కట్టి, వేరే బుట్టలో తెస్తానండి. మీరు రావద్దండి, అంతా బురదండి."

అన్నట్టే తెచ్చింది. తామరాకు విప్పితే ఒక పొట్లంలో పచ్చికాయలు, ఇంకోదాంట్లో ఎర్రటి పళ్లు.

కాయలు తరగడానికి కూచున్నాను. మేడికాయకి తొడిమ తుంచగానే పాలు కారతాయి. చేతికి నూనె రాసుకోకపోతే వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నూనె సీసా కోసం లేవబోతుంటే అక్కయ్యే తెచ్చి నా పక్కన పెట్టింది. ఒక్కో కాయని రెండు చెక్కలు చేసి, లోపలి గింజలు గీకేసి, పసుపు కలిపిన మజ్జిగ నీళ్లలో వేశాను. అలా వెయ్యకపోతే నల్లబడిపోతాయి. అవతల అక్కయ్య ఒక పండు తీసుకుని రెండుగా విప్పింది. విప్పీ విప్పగానే లోపలున్న చిన్న చిన్న పురుగులు రెక్కలతో మొహం మీదికి లేచాయి. "అమ్మో!" అని పండు గోడవైపు విసిరేసి, కొంగుతో మొహం తుడుచుకుంటూ లేచి నిలబడింది. నాకు నవ్వాగలేదు. తప్పు చేశానని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే లోపల ఆవిడ కూడా నవ్వడం మొదలెట్టింది.

"నవ్వుతావేమే? మీ ఊళ్లో ఏం చేస్తారో చెప్పు."

"ముందు విప్పి దులపాలక్కయ్యా. తర్వాత ఉప్పునీళ్లలో రెండుసార్లు కడిగి, గుడ్డ మీద ఎండలో పెట్టాలి. పురుగున్నవి తీసి పారేయాలి."

ఆ మధ్యాహ్నం కాయలు ఉడికించి, నీళ్లు పిండేసి, తిరగమోతలో వేసి, దింపాక ఆవ నూరి కలిపాను. నిమ్మకాయ పిండాను. వేడన్నంలో నెయ్యి వేసి, ఈ కూర కలిపి అత్తగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ అలవాటుగా నాలుగు ముద్దలు తిన్నారు. నేను కంచం తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇదేంటమ్మాయ్, అరటికాయా?"

"కాదండీ. మేడికాయండీ."

నా వైపు ఒక క్షణం చూశారు. తిట్టేస్తారనుకున్నాను.

"వగరుగా బాగుంది. ఇన్నాళ్లూ నోరంతా జిగురుపట్టినట్టుండేది, ఇప్పుడు కడిగినట్టయింది. ఇంకాస్త పెట్టు."

వంటింట్లోకి పరిగెత్తాను. అక్కయ్య గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. మొత్తం విన్నది కాబోలు.

అక్కయ్య ఎండబెట్టిన మేడిపళ్లు ఆరడానికి మూడు రోజులు పట్టింది. పుట్టింటి బెల్లంతో తీగపాకం పట్టి, ఆ పళ్లు వేసి, దగ్గర పడేదాకా కలిపి, నెయ్యి, ఏలకుల పొడి వేసింది. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. వెండి గిన్నెలో పెట్టి తీసుకెళ్లింది. అత్తగారు చెంచాతో కొంచెం నాలిక మీద వేసుకుని, "తీపి ఇప్పుడు సయించడం లేదమ్మా. కాస్త కూరుంటే పెట్టండి," అన్నారు.

అక్కయ్య గిన్నె తెచ్చి వంటింట్లో పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. కాసేపు చూసి నేనూ వెళ్లాను. నూతి గట్టు మీద కూచుని ఉంది. కళ్లు తుడుచుకుంది.

"నలభై రోజులు నేనే కదా కనిపెట్టుకుని ఉన్నాను," అంది. "ఒళ్లు తుడిచాను, బట్టలు మార్చాను. ఇప్పుడావిడకి నీ చేతి కూరే రుచించింది."

ఆ మాట నా మీద కోపంతో అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. జ్వరం రోజుల్లో అక్కయ్య నన్ను అత్తగారి గదిలోకి రానిచ్చేది కాదు. నన్ను దూరం పెట్టడానికే అనుకున్నాను. చిన్నదాన్ని, నాకు అంటుకుంటుందని భయపడిందని అప్పుడు అర్థమైంది. "అక్కయ్యా, ఆ పాకం కాస్త ఇవ్వండి. రేపు పులుసులో వేస్తాను," అన్నాను.

"తీపి వద్దన్నారు కదే."

"తీపిగా కాదండీ. చింతపండు పులుపుకి విరుగుడుగా."

మర్నాడు ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర కూచున్నాం. నేను కాయముక్కలు, ఉల్లిపాయలు వేసి పులుసు మరిగిస్తుంటే, ఆవిడ గరిటెడు పాకం, నాలుగు పళ్ల ముక్కలు వేసి రుచి చూసింది. ఇంకో అర గరిటె వేసింది. "ఎక్కువవుతుందక్కయ్యా" అంటే "నువ్వూరుకో" అంది. అత్తగారు పులుసన్నం తిని, వేళ్లు నాక్కుని, "ఎవరు చేశారిది?" అని అడిగారు.

"అక్కయ్యండీ" అన్నాను నేను. అదే క్షణంలో "చిన్నమ్మాయండీ" అంది అక్కయ్య.

అత్తగారు మా ఇద్దరి మొహాలూ చూసి, "అయితే నాకు జ్వరం రావడం మంచిదే అయింది," అన్నారు. మేం మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఆవిడకి మొదట్నుంచీ తెలుసు.

ఆ నెలంతా మా ఇంట్లో మేడి రాజ్యమే. పెసరపప్పులో వేశాం, కొబ్బరి కోరు వేసి వేయించాం, కాల్చి పచ్చడి నూరాం. ఎండబెట్టిన పళ్లు పొడి కొట్టి పాలల్లో కలిపిచ్చాం. అది మాత్రం అత్తగారు తీపైనా తాగారు. అక్కయ్య సంతోషం చెప్పలేను. ఆదివారం వచ్చిన మా ఆయన, మేం మూడు పూటలా మేడే వడ్డిస్తుంటే, "వచ్చే వారం గూడెంలోనే ఉండిపోతాను," అన్నారు.

నెల తిరిగాక బావగారితో పాటు మేమిద్దరం కూడా అత్తగారిని తీసుకుని ఏలూరు వెళ్లాం. అత్తగారు బస్సు తనంతట తానే ఎక్కారు. డాక్టరుగారు నాడి చూసి, కళ్లు చూసి సంతోషించారు.

"అత్తిపళ్లు తింటున్నారా పెద్దమ్మగారూ?"

"పళ్లు తక్కువండీ. కూర ఎక్కువ తింటున్నానండీ. పులుసు, పప్పు, పచ్చడి కూడానండీ."

"కూరేవిటండీ?" అన్నారాయన. బావగారి వైపు చూశారు. బావగారు మా వైపు చూశారు. అక్కయ్య తల వంచుకుని, అన్నీ వివరంగా చెప్పింది. డాక్టరుగారు కంపౌండరుని పక్క కొట్టుకి పంపించారు. అతను సన్నటి నారకి దండలా గుచ్చిన, అప్పచ్చుల్లా అణిచిన గోధుమరంగు పళ్లు తెచ్చాడు.

"నేను చెప్పింది ఇవండీ. ఎండు అత్తిపళ్లు, అంజూరం అంటారు. ఎక్కణ్ణుంచో వస్తాయి. కాలవ గట్టు మేడిపళ్లు కాదండీ!"

బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అత్తగారొక్కరే నిదానంగా దండలోంచి ఒక పండు లాగి, కొరికి, చాలాసేపు నమిలారు.

"తియ్యగానే ఉందండీ. గింజలు ఇసకలా కరకరలాడుతున్నాయి. కాస్త నార వాసనేస్తోంది." మింగి మళ్లీ అడిగారు. "డాక్టరుగారండీ, వీటితో కూర అవుతుందంటారా?"

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. కంపౌండరు కూడా నవ్వాడు. అప్పటికి గానీ బావగారు ఊపిరి పీల్చుకోలేదు.

"ఆకలి పుట్టింది కదండీ, నాకు కావలసిందదే. మేడికాయే తినండి. పళ్లు మాత్రం బాగా చూసి కడగమనండి," అన్నారు. మేం లేస్తుంటే, "ఏవండీ, ఆ ఆవపెట్టిన కూర ఒకసారి నాకూ పంపిస్తారా?" అని అడిగారు.

బస్సులో దారంతా అత్తగారు బావగారిని వదల్లేదు. "అత్తన్నా మేడన్నా ఒకటేనా నాయనా?" అని అడగడం, ఆయన కిటికీలోంచి పొలాలు చూడడం. ఆ దండ అక్కయ్య ఒళ్లో ఉంది. ఇంటికొచ్చాక ఆ పళ్లు పాలల్లో నానబెట్టి పాయసం కాచింది. అత్తగారు గిన్నెడు తాగారు. తీపి సయించడం మొదలైందని అక్కయ్య ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

ఆ వారంలోనే బావగారి చేత క్యారియర్‌లో కూర, పులుసు ఏలూరు పంపించాం. క్యారియర్ ఖాళీగా తిరిగొచ్చింది. ఎలా వండాలో రాసి పంపమని డాక్టరుగారి భార్య కబురు చేశారుట. నేను అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి కాగితం, కలం పట్టుకుని అత్తగారి మంచం పక్కనే కూచున్నాను. అక్కయ్య చెబుతోంది, నేను రాస్తున్నాను. పులుసు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆవిడ గరిటెన్నర పాకం అంటుంది, నేను ఒక్క గరిటె చాలంటాను. చాలాసేపు వాదించుకున్నాం. వెనకటి ఏడాదంతా మాట్లాడని మాటలన్నీ ఆ బెల్లం మీదే మాట్లాడేశాం.

కళ్లు మూసుకుని పడుకున్న అత్తగారు చివరికి విసుక్కున్నారు. "రెండూ రాయండే. ఆవిడకేది నచ్చితే అది చేసుకుంటుంది."

అలాగే రాశాను.