పలక మీద పట్టని మాట

పలకల నాగేశ్వర్లు దేన్నైనా నమ్ముతాడు. ఒకటే షరతు: అది ఒక్క పలక మీద పట్టాలి. రెండో పలక అడిగినవాడు అబద్ధమైనా ఆడుతుండాలి, లేదా వాడికే సంగతి తెలియకనైనా ఉండాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఏ విశ్వవిద్యాలయమూ దీన్ని ఇంతవరకు పరిశీలించలేదు. తమ పరిశోధనలను కూడా పలక మీద రాయమంటాడేమోనని భయం కావచ్చు.

మార్కాపురంలో మా వీధి చివర ఆయనది పలకల దుకాణం. పిల్లలు పలకలు వదిలి ఫోన్లు పట్టాక బేరాలు తగ్గాయి, ఆయనకు తీరిక పెరిగింది. ఆ తీరికను ఊరి మీద ఖర్చు పెడుతుంటాడు. భుజాన గుడ్డసంచి, అందులో చెక్క చట్రం పలక, కుడి చెవి మీద బలపం. ఈ అలంకారం లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. పెళ్ళి ఫోటోలో కూడా బాసికం పక్కన బలపం కనిపిస్తుంది.

సిద్ధాంతంలో రెండో భాగం కూడా ఉంది. మా అందరి ప్రాణాలూ తోడింది అదే. రాసినదాన్ని ఆయన ఒకసారి చదివి, భుజం మీది తువ్వాలు కొసతో తుడిచేస్తాడు. దాచడు. ఫోటో తీయనివ్వడు. "చూసేదానికి కళ్ళు చాలు" అంటాడు.

భార్య కన్యకత్తకు మోకాలు నొప్పి వస్తే గిద్దలూరులో డాక్టరుకు చూపించాడు. ఆ డాక్టరు ఇంగ్లీషులో చాలాసేపు ఉపన్యసించాడు. నాగేశ్వర్లు భక్తిగా విని సంచి విప్పాడు.

"అంతా బాగుంది సార్. దీని మీద రాయండి."

"ఏంటిది?"

"పలక. మా ఊర్లో దొరుకుతాది."

డాక్టరు నవ్వాపుకొని 'మోకాలు అరిగింది. ఒళ్ళు తగ్గాలి' అని రాశాడు. నాగేశ్వర్లు మొదటి ముక్క పైకి చదివాడు. రెండో ముక్క కన్యకత్త కళ్ళజోడు వెతుక్కునే లోపల తుడిచేశాడు.

ఆమె కూడా తక్కువది కాదు. కోపం వస్తే నోరు విప్పదు. 'సాయంత్రం వంట లేదు' అని పలక మీద రాసి గోడకు ఆనించి పోతుంది. ఆయన శ్రద్ధగా చదివి, తుడిచి, "ఇంతకీ ఏం కూర?" అని అడుగుతాడు.

మేనకోడలు వాణికి వెంకటసుబ్బయ్య ఒక సంబంధం తెచ్చాడు. పెళ్ళిళ్ళు కుదర్చడంలో ఆయన పేరున్నవాడు. పిల్లవాడి వంశం, పొలం, ముక్కుతీరు అన్నీ వర్ణించాక, పలక ఆయన ఒళ్ళో పడింది.

"పిల్లోడు ఏం చేస్తాడో దీని మీద రాయి బావా."

వెంకటసుబ్బయ్య బలపం పట్టుకొని ఇంటి పైకప్పును కాసేపు పరిశీలించాడు. చివరికి 'ఏమీ చెయ్యడు' అని రాశాడు. సంబంధం తప్పిపోయింది. ఆ పలకను ఊరేగించాలని ఇంట్లోవాళ్ళంతా లేచేసరికి అది శుభ్రంగా తుడిచి ఉంది.

"ఏంది మామా! చేతికొచ్చిన రుజువు!" అని నేను నెత్తి కొట్టుకున్నాను.

"రుజువు నేనేం చేసుకునేది అల్లుడూ? నాకు సంగతి కావాలి. వచ్చింది."

మర్నాటికల్లా వెంకటసుబ్బయ్య ఆ సంబంధం తానే వద్దన్నానని చెప్పుకు తిరిగాడు. నాగేశ్వర్లు తలూపి ఊరుకున్నాడు.

ఇలా ఉండగా ఫ్యాక్టరీ సంగతి వచ్చింది. ఊరి బయట, కాలనీకి ఎగువన, ఇనప సామాన్లకు మెరుపు పూత పూసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అది మూతపడి చాలా ఏళ్ళయింది. యజమానులు సామాన్లతో పోయారు, మురికిని మాకు వదిలిపోయారు. అక్కడి నేల పసుపుపచ్చగా తిరిగింది. ఆ దోవన పోయిన మేకలు కాళ్ళకు పసుపు రాసుకున్న పేరంటాళ్ళలాగా ఇల్లు చేరేవి. మేకల సంగతి నవ్వుకోవచ్చు. కాలనీ బోర్లలో నీళ్ళు కూడా అదే రంగు పట్టాక నవ్వులు ఆగిపోయాయి.

ఆ నేలను శుభ్రం చేసే పని ఒక కంపెనీకి దక్కింది. పథకానికి ప్రజలు ఒప్పుకోవాలట. షామియానా వేశారు. ఒక అధికారి, ఒక ఫ్యాను, ఒక తెర వచ్చాయి. ఫ్యాను అధికారి వైపే తిరిగింది. ప్రజల పని చివర్లో చేతులెత్తడం.

కంపెనీ మేనేజరు ఉదయ్ కిరణ్ తెర మీద బొమ్మలు వేస్తూ పోయాడు. సమగ్ర భూ పునరుద్ధరణ, హరిత ఆచ్ఛాదన, ఇంకా అలాంటివే నిండా వచ్చాయి. ఒక్కటి కూడా మార్కాపురం దాకా ఎన్నడూ వచ్చిన మాటలు కావు. అందరూ తలలూపారు. ఎండ అలాంటిది. చేతులెత్తమనబోతుండగా కాలనీ నుంచి వచ్చిన రాహేలు లేచింది.

"సారూ, మా బోరు నీళ్ళు పచ్చగ వస్తన్నాయి. పిల్లోల్లకు ఒళ్ళంతా దద్దుర్లు. మీ పనైనాంక నీళ్ళు తెల్లగ వస్తాయా, రావా?"

"చూడమ్మా, మోడలింగ్ ప్రకారం పారామీటర్లన్నీ దీర్ఘకాలంలో..."

"వస్తాయా, రావా?"

"అదే చెప్తున్నానమ్మా. దీర్ఘకాలంలో..."

నాగేశ్వర్లు వేదిక ఎక్కాడు. సంచి విప్పాడు. జనంలో ఈలలు పడ్డాయి.

"రాహేలమ్మ అడిగిందానికి దీని మీద రాయి నాయనా."

ఉదయ్ కిరణ్ బలపం పట్టి 'సమగ్ర భూ పునరుద్ధరణలో భాగంగా' అని రాసేసరికి పలక నిండిపోయింది. విసుగ్గా దాన్ని వెనకనున్న ఇంజనీరు చేతిలో పడేసి అధికారి దగ్గరకు పోయాడు. "శిల్పా, నువ్వే ఏదో ఒకటి గీసివ్వు."

శిల్పది దర్శి. ఆ ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. బలపం పట్టుకొని మేనేజరు వైపు చూసింది. నాగేశ్వర్లు పలక తుడిచిచ్చి, కొంచెం పక్కకు జరిగి ఆమెకూ మేనేజరుకూ మధ్య నిలబడ్డాడు. ఒక ఉద్యోగాన్ని చాటు చేయడానికి ఆయన దేహవిస్తీర్ణం చాలు.

"మా పలక మీద తుడిచినాంక ఏమీ మిగలదమ్మా" అని మెల్లగా చెప్పాడు. "గియ్యి."

ఆమె నేలకు ఒక గీత గీసింది. కింద ఒక కుప్ప, పైన చిన్న మొక్కలు.

"కుప్ప యాడికీ పోదా?"

ఆమె అడ్డంగా తలూపింది.

"మరి వాన పడితే?"

శిల్ప కుప్ప నుంచి ఒక బాణం గీసింది. బాణం చివర బోరు, బోరు కింద బిందె.

పలక జనంలోకి దిగింది. చదువు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ ఒకే వేగంతో చదివారు. ఫోను తీసిన కుర్రవాడి చేతి మీద రాహేలు ఒక్కటేసింది. చివరికి పలక అధికారి దాకా పోయింది. ఆయన చూసి, గొంతు సవరించుకొని, ఫ్యానును ఆపించాడు.

"అంటే మట్టి తియ్యరు. మీద దుప్పటి కప్పి పోతారు" అంది రాహేలు.

చేతులెత్తమన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. చెయ్యి చాచి ఆవులించబోయినవాడు కూడా సగంలో దించుకున్నాడు. మట్టి తవ్వి తరలించాలనీ, అందాకా కాలనీకి ట్యాంకర్లతో నీళ్ళివ్వాలనీ జనం కోరినట్టు అధికారి రాయించాడు. పథకం వెనక్కి పోయింది.

ఉదయ్ కిరణ్ ముఖం ఎర్రబడింది. "ఏం గీశావు శిల్పా? ఆ పలక ఇటివ్వండి. హెడ్డాఫీసుకు పంపాలి."

నాగేశ్వర్లు అప్పటికే తువ్వాలు కొసతో చట్రం మూలలు కూడా తుడుస్తున్నాడు. "ఏం గీసిందో నాయనా. నాకు చూపానదు. మొక్కలనుకుంటా."

"మామిడి చెట్టు గదన్నా" అంది రాహేలు.

"ఏనుగు" అన్నాడు వెనక నుంచి ఎవరో.

"కాదబ్బా, పెండ్లి పందిరి!"

ఉదయ్ కిరణ్ చివరి ఆశగా అధికారి వైపు తిరిగాడు.

"కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చానండీ" అన్నాడు అధికారి, ముక్కు మీది కళ్ళద్దాలను సవరించుకుంటూ.

కంపెనీ పథకం మార్చుకొని మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పచ్చమట్టి లారీల మీద పోతోంది. పని చూస్తున్నది శిల్పే. బోరు నీళ్ళు ఇంకా తెల్లబడలేదు గానీ ట్యాంకరు మాత్రం వేళకు వస్తోంది.

మొన్న దుకాణానికి పోయి కూర్చున్నాను. కన్యకత్త ఒళ్ళు, వెంకటసుబ్బయ్య పరువు, శిల్ప ఉద్యోగం అన్నీ ఆ తువ్వాలు కొసకే అంటుకొని ఉన్నాయని నాకు అప్పటికి తట్టింది. ఏవో నాలుగు పెద్దమాటలు కూడగట్టుకొని మొదలుపెట్టాను. "మామా, మానవ సంబంధాల దృష్ట్యా చూస్తే మీరు..."

పలక నా ఒళ్ళో పడింది.

చాలాసేపు ఆలోచించి 'మీరు మంచోళ్ళు' అని రాసిచ్చాను. ఆయన దూరంగా పట్టుకొని చూశాడు, దగ్గరగా పట్టుకొని చూశాడు.

"నీ రాత ఏందిరా అల్లుడూ, కోడి కెలికినట్ల!" అని తుడిచేశాడు.