ఆరు గంటల దీవి

మా పిన్ని నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మకి ఆఖరి చెల్లెలు. బాబాయి పోయాక ఏడాది అత్తవారింట్లో ఉండి, తరవాత చోడవరంలో మా ఇంటికి వచ్చేసింది. ఆడపిల్లల బడిలో కుట్టుపని టీచరుగా చేరింది. అప్పటికి ఆవిడకి ఇరవై ఆరేళ్ళు.

బాబాయి ఓవర్సీరు. పెళ్ళయిన ఏడాదికే అండమానుల్లో ఉద్యోగం దొరికింది. పోర్ట్‌బ్లెయిరు వరకూ వెళ్ళాక అక్కణ్ణించి ఇంకా కిందకి, నికోబారు దీవుల్లో ఒక చిన్న దీవికి పంపారు. చిన్న ఓడలు ఆగడానికి అక్కడ జెట్టీ కట్టాలి. అది ఆయన పని. రెండేళ్ళలో ఒక్కసారి సెలవు మీద వచ్చాడు. పిన్నిని తీసుకెళ్ళలేదు. అక్కడ ఇంకా క్వార్టర్లు లేవనీ, మగవాళ్ళంతా ఒకే షెడ్డులో పడుకుంటున్నామనీ చెప్పాడు. 1968 వానాకాలంలో టెలిగ్రాం వచ్చింది. జ్వరం మెదడుకి ఎక్కి మూడు రోజుల్లో పోయాడు. ఓడ రావడానికి ఇంకా నెల ఉంది కాబట్టి దహనం అక్కడే చేసేశారు. ఇక్కడ దర్భలతో మనిషి బొమ్మ చేసి మిగిలిన కర్మ జరిపించారు.

పిన్ని ఏడవడం నేను చూడలేదు. ఆయన గురించి మాట్లాడటం కూడా వినలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే లేచి ఏదో పని మీద లోపలికి వెళ్ళిపోయేది. మా అమ్మ దాన్ని గుండెనిబ్బరం అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

1970లో నాకు బుచ్చయ్యపేటలో టీచరు ఉద్యోగం వచ్చింది. రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. ఒక శనివారం మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి పిన్ని నా అట్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. జాకెట్లు కొలిచే టేపుని బంగాళాఖాతం మీద పరిచి, విశాఖపట్నం నుంచి కిందకి కొలుస్తోంది.

"ఏటి పిన్నీ చేస్తన్నావు?"

"ఎన్ని రోజులు పడతాదో చూస్తన్నాను. నాకు అక్కడికెళ్ళాలనుంది. నువ్వు నాతో వస్తావా?"

వస్తానన్నాను. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. నేను అప్పటికి అనకాపల్లి దాటి వెళ్ళింది నాలుగైదు సార్లే.

మొదట బాబాయితో కలిసి పనిచేసిన కాంపౌండరుకి ఉత్తరం రాశాం. ఆయనది పార్వతీపురం వైపు. బాబాయి పోయినప్పుడు టెలిగ్రాం తరవాత అయిదు వారాలకి వచ్చిన ఉత్తరం ఆయన రాసిందే. ఆయన ఇంకా ఆ దీవిలోనే ఉన్నాడు. మా ఉత్తరానికి రెండున్నర నెలలకి జవాబు వచ్చింది. నాలుగు పేజీలు, కలం ఎక్కడా ఆగనట్టు రాశాడు. విశాఖపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిరుకి రెండు మూడు నెలలకోసారి ఓడ ఉంటుంది. అక్కణ్ణించి దీవుల మధ్య తిరిగే చిన్న ఓడ ఎక్కాలి. అది ఒక్కో దీవి దగ్గర సామాన్లు దింపుకుంటూ నాలుగో రోజుకి తమ దీవికి వస్తుంది. గాలి తక్కువగా ఉండే మాఘమాసంలో రావడం మంచిది. ఆ దీవుల్లో అడుగు పెట్టడానికి ప్రభుత్వం పర్మిట్ కావాలి. ఓడ పొద్దున్న ఏడింటికి లంగరు వేస్తే ఒంటిగంటకి ఎత్తేస్తుంది. మళ్ళీ రావడానికి నెల. జెట్టీ ఇంకా పూర్తి కాలేదు. అందుకని తాళ్ళ నిచ్చెన మీంచి పడవలోకి దిగాలి.

అంటే మాకు ఆరు గంటలు దొరుకుతాయి.

ఆ ఆరు గంటల కోసం మేము నాలుగేళ్ళు ప్లాను వేశాం. పిన్ని జాకెట్ల కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద దీవి బొమ్మ గీశాను. కాంపౌండరు ఉత్తరాల్లో చెప్పిన ప్రకారం ఒడ్డు, ఆసుపత్రి షెడ్డు, క్వార్టర్లు, కొబ్బరితోట, దాని పక్కన వాగు, వాగుకి అవతల దహనం చేసిన చోటు. ఒడ్డు నుంచి అక్కడికి రెండున్నర మైళ్ళ నడక. వెళ్ళడానికి గంటంబావు, అక్కడ రెండు గంటలు, తిరిగి రావడానికి గంటంబావు, మిగిలిన సమయం పడవ దిగడానికీ ఎక్కడానికీ. ప్రతి ఉత్తరం తరవాత గీతలు చెరిపి మళ్ళీ గీసేదాన్ని. ఆదివారాలు అటక మీదకి నిచ్చెన వేసి, చీర గోచీ పెట్టి ఎక్కడం దిగడం నేర్చుకున్నాం. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసేది, ఏమీ అనేది కాదు.

నాన్న మాత్రం అన్నాడు. ఆయన కోర్టులో హెడ్ క్లర్కు, గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"అక్కడేటి మిగిలుంటాదని వెళ్తావమ్మా? ఇన్నేళ్ళయింది. ఇసకే ఉంటాది."

"తెలుసు బావగారూ" అంది పిన్ని.

పర్మిట్ ఫారం నింపే రోజు ఇద్దరం తహసీల్దారు ఆఫీసులో బల్ల మీద కూర్చున్నాం. ఒక గడిలో వెళ్ళే కారణం రాయాలి. భర్త అస్థికల కోసం అని రాద్దామన్నాను. అలా రాస్తే ఎవరూ కాదనరని నా ఆలోచన. పిన్ని తల అడ్డంగా ఊపింది.

"భర్త పనిచేసిన చోటు చూడ్డానికి. అలా రాయి."

గుమాస్తా అది చదివి ఆవిడ వైపు చూశాడు. చూడ్డానికి అక్కడ ఏముందని అడిగాడు. పిన్ని కాగితం మీద సంతకం పెట్టింది.

మొదటి పర్మిట్ వచ్చేసరికి యుద్ధం వచ్చింది. విశాఖపట్నంలో దీపాలు ఆర్పేసిన రోజులవి, మాకు ఓడ ఎక్కే వీలు లేకపోయింది. మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఆ మరుసటేడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి బడులూ ఆఫీసులూ మూతపడ్డాయి, బస్సులు నిలిచిపోయాయి, కాగితాలు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళు లేరు. మాఘమాసాలు అలా దాటిపోతుంటే నాకు ఆశ సన్నగిల్లింది. నా పెళ్ళి మాటలు కూడా మొదలయ్యాయి. పిన్నితో ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడుతుంటే ఆవిడే అంది, ఈ ఒక్క ఏడూ చూద్దాం, కుదరకపోతే నిన్ను అడగనని. మూడో పర్మిట్ 1974 జనవరిలో వచ్చింది. నాన్న ఆ వారమే అనకాపల్లి వెళ్ళి పక్కబట్టలు చుట్టుకునే ఒక కాన్వాసు హోల్డాలు కొని తెచ్చి, వరండాలో పెట్టి, స్నానానికి వెళ్ళిపోయాడు.

కాంపౌండరుకి ఇవ్వడానికి పిన్ని మాడుగుల హల్వా తెప్పించింది. చింతకాయ పచ్చడి, అటుకులు, నిమ్మకాయలు, రెండు చాపలు కట్టుకున్నాం. పెద్ద ఓడలో నాలుగు రోజులూ నేను వాంతులతో లేవలేదు. పిన్నికి ఏమీ కాలేదు. నా తల ఒళ్ళో పెట్టుకుని నిమ్మకాయ వాసన చూపిస్తూ కూర్చునేది. పోర్ట్‌బ్లెయిరులో శ్రీకాకుళం వాళ్ళ ఇంట్లో దిగాం. ఓడలో పరిచయమైన వాళ్ళు. చిన్న ఓడ కోసం తొమ్మిది రోజులు చూశాం.

ఆ ఓడని చూస్తే నాకు భయం వేసింది. మా ఊరి రైసు మిల్లంత పొడుగుంటుందేమో. కింద కిరసనాయిలు డ్రమ్ములు, రేకులు, బియ్యం బస్తాలు, పది పన్నెండు మేకలు. పైన మేము, కూలీలు, ఇద్దరు నర్సులు, పోస్టు సంచుల మీద కూర్చున్న ఒక గుమాస్తా. ప్రతి దీవి దగ్గరా ఎవరో దిగేవాళ్ళు, ఎవరో ఎక్కేవాళ్ళు. ఒక చోట పెళ్ళికూతురు ఎక్కింది. ఒక చోట మేకలు దిగాయి. నీళ్ళు ఒడ్డు దగ్గర పలచటి ఆకుపచ్చగా ఉండి, ఓడ కదిలిన కొద్దిసేపటికే నల్లగా అయిపోయేవి. నేను అంత అందం ఎప్పుడూ చూడలేదు. అలా అనుకున్నందుకు పిన్ని పక్కన కూర్చుని సిగ్గుపడ్డాను.

నాలుగో రోజు తెల్లవారి మా దీవి కనిపించింది. కొబ్బరిచెట్లు, వాటి వెనక చీకటిగా అడివి, ఒడ్డున సగం కట్టిన రాతి జెట్టీ. అది బాబాయి మొదలుపెట్టినదని ఇద్దరికీ తెలుసు. కానీ ఆ వేళ అలలు ఎత్తుగా ఉన్నాయి. ఓడ ఒడ్డుకి దూరంగా ఆగి ఊగుతోంది. ఎనిమిదయింది, తొమ్మిదయింది. పడవ దింపలేదు. పదింటికి ఓడ ఆఫీసరు వచ్చి హిందీలో చెప్పాడు. పోస్టు, మందులు దింపడానికి పడవ రెండు సార్లు మాత్రమే వెళ్తుంది. ప్రయాణికుల్ని పంపడు. పిన్నికి హిందీ రాదు. నర్సుల్లో ఒకామె మా సంగతి ఆయనకి చెప్పింది. ఆయన పిన్ని వైపు కాసేపు చూసి, ఒక్కరికి చోటుందనీ, రెండో పడవలో తిరిగి వచ్చెయ్యాలనీ అన్నాడు. అంటే రెండు గంటలు.

నేను ఖాకీ కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టబోయాను. పిన్ని దాన్ని మడిచి నాకే ఇచ్చేసింది.

"ఉంచుకో. ఇంకెందుకది?"

చీర గోచీ పెట్టుకుని తాళ్ళ నిచ్చెన పట్టుకుంది. చివరి మెట్టు దగ్గర పడవ కిందకి జారిపోయింది. మళ్ళీ అల వచ్చి పైకెత్తేదాకా అలాగే వేలాడి, అప్పుడు వదిలింది. హల్వా సంచి భుజానికుంది. పడవ దూరమవుతుంటే వెనక్కి తిరిగి చూస్తుందనుకున్నాను. చూడలేదు.

ఆ రెండు గంటలూ నేను రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. రెండున్నర మైళ్ళు వెళ్ళి రావడానికి ఆ సమయం చాలదని నాకు లెక్క తెలుసు. పన్నెండు దాటాక పడవ వచ్చింది. పిన్నిని ఇద్దరు మనుషులు రెక్కలు పట్టి పైకి లాగారు. చీర మోకాళ్ళ దాకా తడిసింది. మంచినీళ్ళు అడిగి తాగింది. ఓడ కదిలి, దీవి కనుమరుగయ్యేదాకా అటే చూస్తూ కూర్చుంది. సూర్యుడు దిగుతుండగా తనంతట తనే మొదలుపెట్టింది.

కాంపౌండరు ఒడ్డునే నిలబడి ఉన్నాడు. వాగుకి అవతలకి వెళ్తే పడవ అందదు, క్వార్టర్ల దాకా అయితే వెళ్ళి రావచ్చు అన్నాడు. క్వార్టర్ల దగ్గర నేనేం చూస్తాను అని పిన్ని అడిగింది. ఆయన ఉండింది షెడ్డులో కదా అంది. కాంపౌండరు ఆశ్చర్యపోయాడు. మీకు తెలీదా అమ్మా, మీ ఆయనకి క్వార్టరు ఇచ్చేరు కదా అన్నాడు. పోవడానికి రెండు నెలల ముందు ఇచ్చారు. ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు, ముందుగా చెప్పకుండా, భార్యని తీసుకొచ్చేస్తానని అందరితో అన్నాడట. ఆ ఇంట్లో ఇప్పుడొక తమిళ సంసారం ఉంది. ఆ ఇల్లాలు లోపలికి రమ్మంది.

"రెండు గదులు. కర్రల ఇల్లు, మీద రేకులు. వంటింట్లో గోడకి చెక్క ఉంది, డబ్బాలు పెట్టుకోడానికి. బాగా కిందకుంది. దాని దగ్గర వంగి వంగి తనకి నడుం నొప్పి అని ఆ ఇల్లాలు నవ్వుతూ సైగలు చేసి చెప్పింది. ఎవరో పొట్టివాళ్ళ కోసం కొట్టించేరు అంది. కాంపౌండరు నాకు తెలుగులో చెప్పేడు." పిన్ని ఆగింది. "వడ్రంగిని పిలిచి మీ బాబాయే దగ్గరుండి దింపించేడట. మా ఆవిడ పొట్టిది, అందదు అన్నాడట. నేను దాని ముందు నిలబడ్డాను. చెయ్యి చాపితే సరిగ్గా అందింది."

నేను ఆవిడకి దగ్గరగా జరిగాను.

"ఆయనకి నన్ను తీసుకెళ్ళడం ఇష్టం లేదనుకున్నానే ఇన్నాళ్ళూ. క్వార్టర్లు లేవంటే అబద్ధం అనుకున్నాను. సెలవుకొచ్చినప్పుడు అదే మాట అని దెబ్బలాడేను. వెళ్ళేటప్పుడు బస్సు దాకా కూడా వెళ్ళలేదు. ఆఖరి ఉత్తరానికి జవాబు రాయలేదు. ఎవరికి చెప్పుకోను?"

అప్పుడు ఏడిచింది. కొంగు నోట్లో కుక్కుకోలేదు, మొహం దాచుకోలేదు. పోస్టు గుమాస్తా లేచి అవతలి వైపుకి వెళ్ళిపోయాడు. నేను ఆవిడ తడిసిన చీర అంచు పిండుతూ కూర్చున్నాను.

దహనం చేసిన చోటు మేము చూడనే లేదు. నేనయితే ఆ దీవి మీద అడుగే పెట్టలేదు. తిరుగు ప్రయాణంలో పిన్ని ఆయన గురించి చెబుతూనే ఉంది. ఆయనకి వంకాయ పడదని, నిద్రలో పళ్ళు కొరుకుతాడని, పెళ్ళిచూపుల్లో ఆవిడతో కాకుండా మా తాతతో సిమెంటు గురించి మాట్లాడాడని. పోర్ట్‌బ్లెయిరులో ఓడ కోసం ఎదురుచూసిన రోజుల్లోనూ చెప్పింది, పెద్ద ఓడలోనూ చెప్పింది. అప్పటిదాకా నాకు బాబాయి అంటే గోడ మీద ఫొటో. ఆ ప్రయాణంలో మనిషయ్యాడు.

చోడవరంలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. అమ్మ అన్నం వడ్డించింది. నాన్న కర్మ ఏమైనా చేయించగలిగారా అని అడిగాడు. వీలు పడలేదని నేను చెప్పాను. ఆయన తల ఊపాడు. పిన్ని మజ్జిగన్నం కలుపుతూ, తల ఎత్తకుండా, అమ్మతో అంది.

"నన్ను తీసుకెళ్దామనే అనుకున్నాడక్కా."

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. ఏటి, ఎవరు, అని అడిగింది. పిన్ని చెయ్యి కడుక్కుని వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.