అంతులేని నీళ్ళు, ఉచితంగా!

టీ చెప్పండప్పా, చెప్తా. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున్నే నా అంగడి ముందర పదకొండు మంది రైతులు ఆధార్ జిరాక్సులు, పాసుపుస్తకాలు పట్టుకొని లైను కట్టినారు. షట్టరు సగం ఎత్తి వాళ్ళను చూసి, మళ్ళీ దించుకొని ఇంటికి పోదామా అనుకున్నా. ఇదంతా ఒక ఆట కోసం. ఫోన్లో ఆడుకునే ఆట! నలభై ఆరేండ్లు నాకు. ఇంగ చూడండి నా తెలివి.

నాది బత్తలపల్లెలో మోటారు వైండింగ్ అంగడి అని మీకు తెలుసు కదా. బోరు మోటార్లు కాలిపోతే తెస్తారు, నేను కాలిన తీగ పీకి కొత్త తీగ చుడతా. వార్నిష్ పోసినాక అది ఆరాల. అది ఆరేదాకా నేనేం చేయాల? ఫోన్ తీస్తా. దాంట్లో ఒక పొలం ఆట ఉండాది. మడి దున్నాల, విత్తనం వేయాల, కోళ్ళకు మేత పెట్టాల, పాలు పితకాల. మన పొలాల్లో లేనిది ఒకటే ఆడ ఉండేది... నీళ్ళు. వేలితో తాకితే చాలు, కాలువ పారతాది.

ఈ ఆటను ఇంటిల్లిపాదికీ అంటించింది మా అత్త లక్ష్మమ్మ. కొత్తచెరువు పక్కన ఆమెకు నిజం పొలమే ఉండె. బోరు ఎండిపోయినాక ఆవుల్ని అమ్మేసింది. ఆ తర్వాత ఫోన్లో పెట్టింది సేద్యం. పద్నాలుగు ఆవులు! గౌరి, మల్లి, పుల్లి అని ఒక్కోదానికి పేరు. ముందు తాను మేపిన ఆవుల పేర్లే అవి. బంధువులం ఎనిమిది మందిమి ఆటలో ఒక క్లబ్బు పెట్టుకున్నాం. అత్తే ప్రెసిడెంటు. క్లబ్బులో ఉండేవాళ్ళు ఒకరికొకరు విత్తనాలు, పనిముట్లు పంపుకోవచ్చు.

దాంట్లోనే మా తోడల్లుడు నాగేంద్రన్న కూడా ఉండాడు. ధర్మవరంలో మగ్గాలుండాయి ఆయనకు. ఆటలో లెవెల్ తొంభై రెండు. నాది ముప్పై ఒకటి. ఒక నామకరణానికి పోయింటే, భోజనాల కాడ అందరి ముందర అడిగినాడు.

"ఏమప్పా రమణా, నీ పొలంలో ఇంగా కోళ్ళు నాలుగేనా? మా వీధిలో పూలమ్మే ఆమె కూడా నలభయ్యో లెవెల్ దాటింది!"

అందరూ నవ్వినారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఆవిడ సుగుణ. పాయసం రాకముందే ఆకు మడిచి లేచినా.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం అంగడిలో కూర్చొని ఆన్‌లైన్లో వెతికితే ఒకడు దొరికినాడు. ముందే పెంచి, మార్చి పెట్టిన అకౌంట్లు అమ్ముతాడంట. లెవెల్ నూటనలభై, నాణేలు ఎన్నంటే అన్ని. "సేఫేనా బ్రో?" అని మెసేజ్ పెట్టినా. "వంద శాతం సేఫ్ అన్నా, మా కస్టమర్లంతా ఫ్యామిలీ" అన్నాడు. ఒక మోటారు చుట్టిన కూలి పంపించినా. వాడు ఒక ఫైలు పంపించి, అది వేసుకుంటేనే అకౌంటు తెరుచుకుంటాది అన్నాడు. వేసుకున్నా. ఫోన్ అడగతా ఉండాది: కాంటాక్ట్స్ చూడొచ్చా? చూసుకో. మెసేజులు పంపొచ్చా? పంపుకో. ఏది అడిగితే దానికి సరే సరే అని నొక్కుకుంటా పోయినా. పెండ్లి చూపుల్లో కూడా అంత తొందరగా తల ఊపలేదు నేను.

తెరుచుకుంది చూడప్పా! కనుచూపు మేర పచ్చగా. ద్రాక్ష తోట, గుర్రాలు, పడవ కూడా! నాణేల కాడ అన్నీ తొమ్మిదులే. పొలం పేరు మాత్రం ఏదో దేశం అక్షరాల్లో ఉండాది, చదవడానికి రాలేదు. మార్చబోతే మారలేదు. పోనీలే, పొలం నాదే కదా అనుకున్నా.

సాయంత్రం ఆ అకౌంటుతో క్లబ్బులో చేరినా. నాగేంద్రన్న వెంటనే ఫోన్ చేసినాడు.

"ఎవరప్పా ఇది? నువ్వేనా? నిన్న ముప్పై ఒకటి, ఈపొద్దు నూటనలభైయా?"

"కష్టపడినానన్నా," అన్నా. సిగ్గు లేకుండా అన్నా.

అంతటితో గమ్మునుంటే పోయేది. ఉండలేదు. పెద్దరికం తలకెక్కింది. క్లబ్బులో ఉండే ఏడు మందికీ విత్తనాలు, పనిముట్లు, ఎరువు మూటలు లెక్క లేకుండా పంచినా. అత్తకైతే మూడింతలు. ఆమె వాయిస్ మెసేజ్ పెట్టింది, "మా అల్లుడు చానా మంచోడు" అని. దాన్ని నాలుగు సార్లు విన్నా.

ఇంగ సోమవారం. లైన్లో ముందర నిలబడింది ఓబులేసు మామ. పాత కస్టమరు, ఆయన మోటారు నా కాడే ఉండాది.

"రమణా, నాది ముందు రాసుకో," అని జిరాక్సు చేతిలో పెట్టినాడు.

"ఏం రాయాల మామా?"

"అదేప్పా, నీళ్ళ స్కీము. నీకే ఇచ్చినారంట కదా!"

ఆయన ఫోన్ తీసి చూపించినాడు. నా నంబరు నుంచి పోయింది మెసేజు: "మీ పొలానికి అంతులేని నీళ్ళు! విత్తనాలు ఉచితం! పరిమితి లేదు! ఇప్పుడే తాకండి!" కింద ఒక లింకు. ఆ ఫైలు నా ఫోన్లో ఉండే నంబర్లన్నిటికీ ఆట ప్రకటన పంపించేసింది. నా ఫోన్లో ఎవరి నంబర్లుంటాయి? అందరూ బోర్లు ఎండినోళ్ళు, మోటార్లు కాలినోళ్ళు. వాళ్ళకు అంతులేని నీళ్ళంట!

"లింకు నొక్కినారా మామా?"

"నొక్కితే తెరుచుకోలేదప్పా. అందుకే నేరుగా వస్తిమి."

దేవుడా, అదొక్కటి మంచి జరిగింది. ఎవరూ మళ్ళీ ముట్టుకోవద్దని చెప్పి, అందరి ఫోన్లలో ఆ మెసేజు తీసేయించినా. తర్వాత తల వంచుకొని చెప్పినా, "అది స్కీము కాదు మామా. ఆట. ఫోన్లో పొలం."

"ఫోన్లో పొలమా? మరి నీళ్ళు?"

"అవి కూడా ఫోన్లోనే."

వెనక ఒక పెద్దామె, ఆటో మాట్లాడుకొని వచ్చినామె, పాసుపుస్తకాన్ని మెల్లగా చెంగులో చుట్టుకుంది. ఆమె నన్ను నాలుగు తిట్టింటే బాగుండు. తిట్టలేదు. ఓబులేసు మామ మాత్రం ఇంగా ఆలోచిస్తానే ఉండాడు.

"అంటే రమణా, నా మోటారు ఆరు దినాల నుంచి ఆరలేదు, ఆరలేదు అంటివే. ఆడ నా బుడ్డల చేను ఎండిపోతాంటే, నువ్వు ఈడ కూర్చొని నీ పొలానికి నీళ్ళు కట్టుకుంటాంటివా?"

అందరికీ టీలు తెప్పించినా, పెద్దామె ఆటోకు నేనే ఇచ్చినా. వేరే పని ముట్టకుండా మధ్యాహ్నానికి మామ మోటారు బిగించి పంపించినా.

అన్నం తిందామని కూర్చున్నానా, అత్త ఫోన్.

"ఏమప్పా, నా ఆవులు యాడ?"

ఆట తెరిచి చూస్తే నా కొత్త పొలం లేదు. మోసంతో పెంచిన అకౌంటు, శాశ్వతంగా మూసినాం అని రాసుండాది. నా చేతి నుంచి సరుకు తీసుకున్న ఏడు మంది పొలాలకూ తాళం వేసేసినారు. నాగేంద్రన్న అయితే ఫోన్లో ఏడుపు గొంతుతో "ఆరేండ్లు, ఆరేండ్లప్పా!" అంటాడే గాని ఇంకో మాట రాలేదు ఆయనకు.

అత్తకు ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. బస్సెక్కి కొత్తచెరువు పోయినా. ఆమె వాకిట్లో ఫోన్ ఒళ్ళో పెట్టుకొని కూర్చోనుండాది. తెర మీద తాళం బొమ్మ. జరిగిందంతా చెప్పినా. విని ఒకటే అడిగింది.

"కొన్నావా? ఎవరిదో, ఏమో, పట్టా చూడకుండా పొలం కొంటారా అప్పా యాడన్నా?"

రైతు కదా. ఆటైనా, నిజమైనా ఆమెకు ఒకటే లెక్క.

"ఒకసారి అమ్ముకున్నా నా ఆవుల్ని," అనింది మల్లా, మెల్లగా. "రెండోసారి కూడానా?"



సుగుణ ప్రైవేటు బడిలో టీచరు. ఆమే కూర్చొని ఆట కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. తప్పంతా నా మొగునిది, మిగిలినోళ్ళు అమాయకులు అని. నన్ను ఎట్ల వర్ణించిందో నాకు చదివి వినిపించలేదు. చానా గట్టిగానే రాసుంటాది, ఎందుకంటే పది దినాలకే ఏడు పొలాలూ తెరుచుకున్నాయి. నేను పంచిన సరుకు మాత్రం కంపెనీవాళ్ళు వెనక్కి తీసేసుకున్నారు. అత్త ఫోన్ చేసింది, మాట్లాడలేదు, ఆవు అరిచే శబ్దం వినిపించి పెట్టేసింది.

నాది? కొన్నది ఎట్లాగూ పోయింది. ఒకే ఫోన్లో ఆడినానని నా సొంత ముప్పై ఒకటో లెవెలు, ఆ నాలుగు కోళ్ళు, అవీ పోయినాయి. అమ్మినోడు నన్ను బ్లాక్ చేసినాడు. ఆ ఫైలు ఊడాలంటే ఫోన్ మొత్తం తుడిచేయాల్సి వచ్చింది. కస్టమర్ల నంబర్లన్నీ ఒక్కొక్కటిగా మళ్ళీ అడుక్కుంటాండా. "ఇస్తాం గాని, మెసేజులు పెట్టొద్దప్పా" అంటాండారు.

ఇంకో ఫోన్లో కొత్తగా మొదలుపెట్టినా, మొదటి నుంచి. క్లబ్బులో చేర్చుకోమని అత్తకు రిక్వెస్టు పెట్టినా. మర్యాద తక్కువ చేసే మనిషి కాదు, ఇంటికి పోతే ఇప్పటికీ కోడి కోసి పెడతాది. రిక్వెస్టు మాత్రం ఐదు దినాలు అట్లనే పడుండె. నిన్న జవాబు వచ్చింది, వాయిస్ మెసేజు: "అల్లుడా, ఇరవై లెవెల్ దాటినాక చూస్తాంలే. అంతవరకు నీ కష్టం నువ్వు చేసుకో."

నాది ఇప్పుడు మూడో లెవెలు. కోళ్ళు రెండు. దాంట్లో ఒకటి నన్ను చూస్తే పారిపోతాది.