కార్డు నాదే, ముఖం ఎవరిది?

నేను కృష్ణానగర్‌లో ఉండే జూనియర్ ఆర్టిస్టును. కీళ్లవాపుకు పంజాగుట్ట డాక్టరు రాసిన స్టెరాయిడ్ గోళీలతో నొప్పులు తగ్గాయి గానీ ముఖం పూరీలా ఉబ్బింది.

అంతకుముందు నేను చేస్తుండగా సగంలో ఆగిన కోర్టు సీను మళ్లీ తీస్తున్నామంటే యూనియన్ కార్డు పట్టుకుని అమీర్‌పేట షూటింగుకు పోయాను. అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్లో ఆ సీనప్పటి నా పాత ఫొటో చూసి, "కార్డు అక్కది, వచ్చింది చెల్లె!" అని అరిచాడు. ఒకరి కార్డు మీద ఇంకొకరు పోవడం మా దగ్గర మామూలే మరి. నన్ను పిలిపించిన ఏజెంటన్న కూడా తేరిపార చూసి, "నిజం చెప్పమ్మా, సుజాత ఏడుంది?" అన్నాడు.

అట్ల దొరికితే మాత్రం అన్నం పెట్టే కార్డే రద్దు చేస్తారు. "నేనే అన్నా!" అని ఏడ్చేసరికి గొంతు గుర్తుపట్టాడు. అయినా ముఖం పాత సీనుకు కలవదని కెమెరాకు వీపు కనబడేలా కూర్చోబెట్టారు.

మండిపోతూ ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. ఒక్క క్షణం నేనూ అడిగాను, సుజాత ఏడుంది?