ఎరుపు తియ్యనన్న మా వదిన

మొన్న మా అమ్మాయి తన ఫోన్‌లో మెయిల్స్ వాటంతటవే రంగుల వారీగా సర్దుకోవడం చూపించి, ఇదంతా కొత్తగా వచ్చిందమ్మా అంది. నాకు నవ్వొచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలోనే ఆ పని మా వదిన ఆటోనగర్‌లో చేసింది. చేసి ఉద్యోగం పోగొట్టుకుంది.

వదినా నేనూ భవానీపురంలో ఒకే బస్సెక్కి, లారీలకూ బస్సులకూ బ్రేకు సామాన్లు చేసే ఒక కంపెనీ ఆఫీసుకు వెళ్ళేవాళ్ళం. దారి పొడుగునా ఆవిడ కంప్యూటర్ పుస్తకం చదివేది, నేను ఆవిడ భుజం మీద నిద్రపోయేదాన్ని. ఆఫీసులో ఈమెయిల్ అప్పుడప్పుడే వచ్చింది. ఆర్డర్ల కింద ఫిర్యాదులు మునిగిపోయేవి. బ్రేకు సరిగా పట్టడం లేదని గుడివాడ వైపు బస్సులు తిప్పే ఒకాయన రాసిన మెయిల్ కూడా అలాగే మునిగింది. ఆయన బస్సు కాలవగట్టు మీద తుమ్మచెట్టుకు గుద్దుకుంది. డ్రైవరు కాలు విరిగింది. ఆ కబురు విన్న రోజు వదిన అన్నం ముట్టకుండా కూర్చుని స్క్రిప్టు రాసింది. ఫిర్యాదు వస్తే ఎర్రగా చూపించాలి, జవాబు వెళ్ళేదాకా ఆ ఎరుపు పోకూడదు అని మెయిల్ ప్రోగ్రాముకు పురమాయించడమన్నమాట. కొద్దిరోజుల్లో తెరంతా మిరపకాయలు ఆరబోసినట్టయింది.

ఓనరుగారికి అది నచ్చలేదు. "కొనేవాళ్ళు వచ్చి కూర్చునే గదమ్మా ఇది. ఆ ఎరుపు తీసెయ్."

"జవాబిస్తే అదే పోద్దండి."

"నేను తియ్యమంటున్నా."

"ఒక మనిషి కాలు విరిగిందండి. నేను తియ్యను."

"అయితే రేపట్నించి రావద్దు."

వదిన సరేనండి అని క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన నావైపు తిరిగాడు. తీయడమెలాగో వదిన నాకు నేర్పింది. "నేనూ తియ్యనండి" అన్నాను. నన్ను కూడా పంపేస్తే ఆఫీసులో కంప్యూటర్ ముట్టుకునేవాళ్ళే ఉండరు. అందుకని ఆయన స్వయంగా లేచి, తెరను గోడవైపు తిప్పేశాడు. నేను కుర్చీ గోడవారగా జరుపుకుని పని చేశాను.

తరవాత ఒకరోజు సరుకు కొనడానికి ఇంకో బస్సుల యజమాని వచ్చి, తెర ఎందుకలా తిరిగి ఉందని వంగి చూశాడు. ఎరుపేమిటని నన్నడిగాడు. చెప్పాను. ఆయన ద్వారా సంగతి బజారంతా పాకింది. ఓనరుగారికి అమ్మిన ఆ బ్రేకు సరుకంతా వెనక్కి తెప్పించక తప్పలేదు. వదినను మళ్ళీ రమ్మని కబురు పెడితే, ఆ డ్రైవరు ఇంటికి ముందు మీరు వెళ్ళి రండి, తరవాత చూద్దాం అంది. ఆయన వెళ్ళలేదు. ఈవిడా మళ్ళీ పనిలోకి వెళ్ళలేదు.

ఏళ్ళు గడిస్తే కోపం చల్లారుతుందంటారు. వదినది చల్లారలేదు, చల్లారాలని నేనూ కోరుకోలేదు.