మా మామ సన్నాయి, నా హార్మోనియం

మొన్న ఆదివారం మా మనవరాలు పాటల పోటీకి సాధన చేసుకుంటూ, పై స్థాయి అందక గొంతు జీరబోతుంటే, ఒళ్ళో పెట్టుకున్న కీబోర్డు మీద ఏదో మీట నొక్కింది. అంతే, వాయిద్యం మొత్తం అర శ్రుతి కిందికి దిగిపోయింది, ఆ పిల్ల హాయిగా పాడుకుంది. నేను చదువుతున్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. తాతకి ఉక్కపోస్తోందనుకున్నారు ఇంట్లోవాళ్ళు, అనుకోనీ. ఒక్క మీటతో దిగే శ్రుతి కోసం మా ఇంట్లో ఒకప్పుడు ఏం జరిగిందో చెబితే ఈ కాలం పిల్లలకి నవ్వు రావచ్చు గాని, బ్యాండు మేళమూ సన్నాయి మేళమూ ఒకే పందిట్లో పోటీపడిన రోజులు చూసిన మన ఈడువాళ్ళకి అర్థమవుతుందని రాస్తున్నాను.

నన్ను పెంచింది మా మేనమామ. నాన్న పోయేనాటికి నాకింకా ఊహ తెలియదు, అమ్మ నన్ను చంకనేసుకుని విజయనగరంలో తమ్ముడి ఇంటికి చేరి, రెండేళ్ళకే తనూ పోయింది. మామకీ అత్తకీ పిల్లల్లేరు, కనుక ఆ ఇంట్లో ముద్దూ నాకే, మొట్టికాయలూ నాకే. మామది సన్నాయి. వాళ్ళ తాత చేయించుకున్న చండ్రకర్ర సన్నాయి అది, నాలుగు తరాల వేళ్ళు ఆడి ఆడి కన్నాల అంచులు నున్నబడిపోయాయి. ఆ రోజుల్లో సన్నాయికి ఇంత శ్రుతి అని కొలతేమీ లేదు, చేసిన వడ్రంగి చెయ్యి ఎలా పోతే అలాగే. మామ సన్నాయి హార్మోనియం మెట్లలో ఏ మెట్టుకీ చెందకుండా రెండు మెట్లకి మధ్య ఎక్కడో పలికేది. దానివల్ల ఆయనకి వచ్చిన ఇబ్బందేమీ లేదు. వెనక ఒత్తు పట్టే ఆయన, అంటే పాట వాయించకుండా శ్రుతికోసం ఒకే స్వరాన్ని పట్టుకుని ఊదే ఆయన, తన గొట్టం కన్నాలకి మైనం అద్ది ఈ సన్నాయికి సరిపెట్టుకునేవాడు. రామతీర్థంలో స్వామి కల్యాణానికి ఏటా మా మామదే మేళం, ఆయన ఆలాపన ఎత్తుకుంటే కింద సంతలో బేరాలు ఆగిపోయేవని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

నేను మాత్రం సన్నాయి పట్టలేదు. కంటోన్మెంటులో ఒక మేష్టారుండేవారు, పటాలంలో బ్యాండు వాయించి పింఛను పుచ్చుకున్న మనిషి. ఆయన దగ్గర క్లారినెట్టూ, పాటని ఇంగ్లీషు గుర్తుల్లో కాగితం మీద పెట్టడమూ నేర్చుకున్నాను. మామ అడ్డు చెప్పలేదు సరికదా, మేష్టారికి ఇష్టమని కోడిగుడ్లు కండువాలో మూటగట్టి నా చేత పంపేవాడు. మేష్టారు ఊరు విడిచి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ తన హార్మోనియం నాకిచ్చేశారు. దాని మీద మూడేసి స్వరాలు ఒక్కసారే నొక్కితే వచ్చే నాదం ఉంది చూశారూ, సన్నాయి కొంపలో పెరిగినవాడికి అదొక వింత, నాకు దాని మీద పిచ్చి పట్టింది.

యుద్ధం ముగిసిన మరుసటి యేడు నాకు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. రాజాంలో ధాన్యం వ్యాపారం చేసే ఒక షావుకారు కొత్తగా బియ్యపు మిల్లు కట్టి, దాని ప్రారంభానికి ఎవరూ ఎక్కడా వినని పాట ఒకటి కావాలని కబురంపాడు. తన పెళ్ళికి సన్నాయి వాయించినవాడు మా మామే కనుక సన్నాయి ఉండి తీరాలట, కాలం మారింది కనుక బ్యాండూ ఉండాలట. నాకు వెంటనే మేష్టారు చెప్పిన సంగతి గుర్తొచ్చింది, దొరల దేశంలో ఒక్క వాయిద్యాన్ని ఎదర నిలబెట్టి, తక్కిన మేళమంతా దానికి జవాబు చెప్పేలా పాట కడతారని. మా మామ సన్నాయి మాట్లాడుతుంది, నా బ్యాండు జవాబిస్తుంది. మోహన రాగంలో మూడు భాగాలుగా ఆ పాట కట్టాను, నలభై రోజులు పట్టింది.

పాట కట్టడం సులువే, ఎవరిచేత ఏది వాయించాలో తేల్చడమే ప్రాణం తీసింది. సన్నాయి బయలు వాయిద్యం, దాని పక్కన రెండు క్లారినెట్లు ఊదితే ఊదినట్టే ఉండదు, అలాగని నాలుగు పెడితే సన్నాయి పలకరించినప్పుడు గుంపు మీదపడ్డట్టుంటుంది. చివరికి మూడు పెట్టాను. కార్నెట్లనే చిన్న బాకాలు రెండు, అవి మొదటి భాగంలో నోరు మెదపకూడదు. అడుగున నడవడానికి యుఫోనియం అనే పెద్ద బాకా ఒకటి, దాన్ని వాయించే ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పని దిగి నారధూళితోనే సాధనకి వచ్చేవాడు. సైడు డ్రమ్ము వద్దని డోలు ఉంచాను. ఇంతవరకూ నా బుద్ధి బాగానే పనిచేసిందని ఇప్పటికీ అంటాను. ఆ తర్వాత, వీటన్నిటికీ మధ్య హార్మోనియం పెట్టాను, దాని ముందు నేను కూర్చుని చెయ్యి ఊపుతూ మేళాన్ని నడిపిస్తానన్నమాట. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఆరుబయట పందిట్లో ఇన్ని బాకాల మధ్య ఆ పెట్టె మూలుగు ఎవరికి వినిపిస్తుందని అత్త అడిగింది, వంటింట్లోంచి. ఆవిడకేం తెలుసనుకున్నాను.

మా పెరట్లో మొదటిసారి అందరం కలిసి వాయించిన సాయంత్రం బండారం బయటపడింది. హార్మోనియమూ బ్యాండూ ఒక శ్రుతి, మామ సన్నాయి దానికి ఓ నూలుపోగు కింద. మోహనంలో ఆయన గాంధారం మీద నిలబడితే నా హార్మోనియం పక్కనుంచి గీరుకుంటూ పోతోంది, పళ్ళు పులిశాయి అందరికీ. మామ సన్నాయి నోట పెట్టే రెల్లు పీక మూడుసార్లు మార్చాడు, ఊపిరి బిగించి పైకి నెట్టాడు, మెడనరాలు తేలాయి తప్ప కలవలేదు. అప్పుడు కార్నెట్టు వాయించే ఇద్దరిలో పెద్దాయన, నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు, బాకా ఒళ్ళో పెట్టుకుని అందరూ వినేలా అన్నాడు: "ఒరే, ఆ పెట్టి తీసేత్తే సరిపోద్ది గదరా. మేం గొట్టాలు కూసింత బయటికి లాగుతాం, నీ క్లారినెట్లూ దిగుతాయి. దిగందల్లా ఆ పెట్టొక్కటే."

నిజం. ఊదే వాయిద్యాలన్నీ ఆ మాత్రం దిగుతాయి, అది నాకు తెలియక కాదు. కాని హార్మోనియం తీసేస్తే నా మూడేసి స్వరాలు పోతాయి, మధ్యలో నేను కూర్చునే చోటు పోతుంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాను. పాట అంతా హార్మోనియం మీద నిలబడిందనీ, అది కదిలితే మొత్తం కూలుతుందనీ ఏవో ఇంగ్లీషు మాటలు కలిపి చెప్పాను. మామకి అందులో సగం అర్థమై ఉండదు. ఆయన సన్నాయి కొస పంచెతో తుడుచుకుంటూ ఒక్కటే అడిగాడు: "ఎంత తక్కువున్నాదిరా అల్లుడా?" నేను చూపుడువేలి గోరు మీద బొటనవేలు పెట్టి చూపించాను, ఇంత అని. అది చూపించిన చెయ్యి ఇదే, ఈ కలం పట్టుకున్నది.

నాలుగోనాటి పొద్దున్న నేను మేడ మీద కాగితాలు సరిచేసుకుంటుంటే మామ కేకేశాడు. కిందికి దిగేసరికి పెరట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళ దగ్గర చిన్న రంపమూ, ఎర్రటి కర్రపొడీ. సన్నాయిని పైకొసన రెండు వడ్లగింజలు నిలువుగా పెట్టినంత మేర కోసేశాడు. గొట్టం పొట్టిదైతే శ్రుతి పెరుగుతుందని ఆయనకి తెలుసు, రెల్లు పీకలు తనే కోసుకునేవాడికి ఆపాటి తెలియదా. ఆయన పండగనాటి మనిషిలా ఉన్నాడు. "పెట్టి వాయించరా, సూడు, కలుస్తాది" అన్నాడు. నేను సా నొక్కాను. ఆయన సా పట్టాడు. చక్కగా కలిసింది, ఎక్కడ సన్నాయో ఎక్కడ హార్మోనియమో తెలియనంతగా కలిసింది, మామ ఊదుతూనే కళ్ళతో నవ్వాడు. అక్కణ్ణుంచి పైకి కదిలాడు. రిషభం కొంచెం పైకి పోయింది. గాంధారం ఇంకొంచెం. పంచమానికి వచ్చేసరికి అది పంచమం కాదు, ధైవతం ఎవరిదో ఏమిటో. కొసకి దగ్గరున్న కన్నాలు ఎక్కువ పెరుగుతాయి, కిందివి తక్కువ పెరుగుతాయి, తాతలనాడు లెక్కచూసి వేసిన కన్నాల మధ్య వరస అంతా చెదిరిపోయింది. ఇప్పుడది హార్మోనియానికే కాదు, తనకి తానే కలవడం మానేసింది. మామ పీక నోట్లోంచి తీసి సన్నాయిని ఒకసారి తిప్పి చూసుకుని, మళ్ళీ ఊది, మళ్ళీ తీశాడు.

మూడు రోజులు మైనంతో అవస్థపడ్డాడు. పై కన్నాలు సగం సగం మూసి చూశాడు, ఊపిరి వేడికి మైనం కరిగి గమకం జారిపోయేది. మూడోనాడు మైనపుముద్ద గూట్లో పెట్టేసి స్నానానికి వెళ్ళాడు. అత్త నా కంచంలో అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా, "నీ పెట్టి కోసరం మీ మావ పేణం కోసుకున్నాడ్రా" అంది. ఆవిడ నన్ను తిట్టిన తిట్లన్నిటిలోకీ అదే చిన్నది.

రాజాం వెళ్ళక తప్పలేదు, మాట ఇచ్చేశాం. సన్నాయి వాయించవలసిందంతా నేను క్లారినెట్టు మీద వాయించేటట్టు రాత్రికి రాత్రి మార్చాను. మార్చాక గాని నాకు తట్టలేదు, నేను క్లారినెట్టు పడితే హార్మోనియం ఎవరు వాయిస్తారు? మా మేళంలో ఆ విద్య నాకు తప్ప ఇంకొకరికి లేదు. హార్మోనియం ఇంట్లోనే ఉండిపోయింది, మంచం కింద, గుడ్డ కప్పుకుని. దేని కోసమైతే ఆ కర్ర తెగిందో అది రాజాం దాకా రానేలేదు. ఒక్క వారం ముందు నాకు ఈ బుద్ధి పుట్టి ఉంటే అనుకోవడం ఈనాటిదాకా మానలేదు.

ప్రయాణంనాడు మామ కూడా తెల్లపంచె కట్టుకుని బండెక్కాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు. పందిట్లో మేళం అంతా సర్దుకున్నాక ఆయన నా వెనకగా వచ్చి కూర్చుని, సన్నాయి కన్నాలన్నీ ఒక్కొక్కటిగా మైనంతో మూసి, ఒక్క స్వరానికి మాత్రం దారి ఉంచి, సా పట్టుకున్నాడు. ఆ సన్నాయిలో అదొక్కటే సరిగ్గా మిగిలింది మరి. మూడు భాగాలూ అయ్యేదాకా బుగ్గలు ఉబ్బించి ఊపిరి తెగకుండా ఆ ఒక్క స్వరాన్నే నిలబెట్టాడు. షావుకారు గుర్తుపట్టి, మీరేమిటి ఒత్తు పట్టారని అడిగితే, "అల్లుడు ఎదిగాడు కదండీ" అని చేతులు జోడించాడు. పాట బాగుందన్నారు అందరూ. నాకు పట్టుశాలువా కప్పారు, దాన్ని నేను తలొంచుకుని కప్పించుకున్నాను.

ఇంకో సన్నాయి చేయిస్తానని ఎన్నిసార్లో అన్నాను. ఒకటి చేయించి తెచ్చాను కూడా. రెండు రోజులు ఊది, వేళ్ళు దారి తప్పుతున్నాయని గోడకి తగిలించేశాడు. ఆ యేడు రామతీర్థం కల్యాణానికి వేరే ఊరి మేళం వెళ్ళింది. ఆ తర్వాత ఆయన బతికిన తొమ్మిదేళ్ళూ నేను ఎక్కడ వాయిస్తే అక్కడ నా వెనక కూర్చుని సా పట్టాడు. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి, ఇద్దరం ఏడ్చి ఊరుకునేవాళ్ళం. ఆయన పోయిన రోజున అత్త ఆ కోసిన సన్నాయిని ఆయన పక్కనే పెట్టి పంపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తర్వాత ఎప్పుడో ఆ పాట మళ్ళీ రాశాను, హార్మోనియం లేకుండా, క్లారినెట్లూ కార్నెట్లూ దిగివచ్చి సన్నాయి దగ్గర నిలబడేలా. రాయడం బాగా రాశాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఇప్పుడు సన్నాయిలన్నీ కొలత ప్రకారం చేస్తున్నారు, అన్నీ ఏదో ఒక మెట్టుకి కలుస్తాయి, ఏ ఊరివాడు వచ్చి ఏ ఊరివాడి పక్కన కూర్చున్నా ఇబ్బంది లేదు, మంచిదే. కాని ఆ కాగితం ముందు పెట్టుకుని కోయకముందు మామ సా ఏదో గొంతులో పట్టుకుందామని కూర్చుంటే, నాకు దొరకదు. పాట ప్రతి మలుపూ గుర్తుంది, ఆయన బుగ్గల మీది చెమట కూడా గుర్తుంది. నేను పట్టుకున్నది ప్రతిసారీ నా హార్మోనియం సా అవుతుంది. ఆ రెండు మెట్లకి మధ్య ఎక్కడుండేదో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.