హిరోషిమా మిఠాయి పెట్టె

హమదా రేవులో చేపముద్దలు ఆవిరిపట్టి అమ్మే కంపెనీ ఒకటుంది. అందులో సోనోబె చిజురు ఇరవై ఏళ్లకు పైబడి లెక్కలు చూస్తోంది. పెళ్లి చేసుకోలేదు. పొద్దున అందరికంటే ముందొచ్చి టీకి నీళ్లు పెట్టేది, సాయంత్రం మేనేజరు ఒగిహర కుర్చీలోంచి లేచాక గాని లేచేది కాదు. ఆయన కిటికీలోంచి పడవలు చూస్తూ ఊరికే కూర్చున్నా సరే, ఆఫీసంతా సర్దిన కాగితాలే మళ్లీ సర్దుతూ కూర్చోవలసిందే. నేపాల్ నుంచి వచ్చి ఎగుమతుల పని చూస్తున్న బినీత చేరిన వారంలోనే అడిగింది.

"అక్కా, పనైపోయింది కదా. ఇంకా ఎందుకు కూర్చున్నాం?"

చిజురు చేతిలోని కాగితాలు మరోసారి సర్దింది. కానీ ఆ రోజు నుంచి ఆ ప్రశ్న చెప్పులో రాయిలా అడుగడుగునా గుచ్చుకోవడం మొదలుపెట్టింది.

ఆ వసంతంలో ఎవరికీ చెప్పకుండా, హిరోషిమాలో పియానోలు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో ఉద్యోగానికి అడిగింది. రమ్మన్నారు. యాభైకి దగ్గరపడిన ఆడమనిషిని రమ్మనడమే ఎక్కువ. ఇది చెయ్యిజారితే మరొకటి రాదని ఆమెకు తెలుసు. సెలవుకు ఏదో ఒకటి చెప్పాలి గనక మత్సుయేలో పిన్ని ఏడో ఏటి ఆబ్దికమంది. పిన్ని పోయిన మాట నిజమే. ఆబ్దికం మాత్రం చలికాలంలోనే అయిపోయింది. పైగా మత్సుయే తీరం వెంబడి తూర్పున, హిరోషిమా దక్షిణాన కొండలకు అవతల.

దుకాణమంతా చెక్క వాసన, జిగురు వాసన. లోపల ఎవరో ఒకే పియానో మెట్టును మళ్లీ మళ్లీ నొక్కి చూస్తున్నారు. యజమాని భార్య ఆమెతో చాలాసేపు మాట్లాడి, "మావారు ఊళ్లో లేరు. శనివారం ఒక్కసారి వచ్చి ఆయన్ని కలిస్తే ఇక ఖాయం చేసుకుందాం" అంది. చిజురు బస్సుల స్టాండు దాకా తేలిపోతూ నడిచింది.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఊరు దాటి వెళ్లినవాళ్లు ఉత్తచేతులతో ఆఫీసుకు తిరిగిరారు. ఆమె చెయ్యి ఆమె అనుమతి అడగలేదు. స్టాండులోని కొట్లో ముందు వరసలో ఉన్న పెట్టె అందుకుంది. ఒక్కొక్కటీ విడిగా పొట్లం కట్టి ఉందా, అందరికీ వస్తాయా అని మాత్రం చూసుకుంది.

మర్నాడు బల్లబల్లకూ ఒక్కొక్కటి పెట్టుకుంటూ వెళ్లింది. "పిన్నివాళ్ల ఊరి నుంచండీ. ఏదో కొంచెం."

బినీత పొట్లం విప్పి, "ఆకు మిఠాయి. ఇది హిరోషిమాది కదక్కా? పోయినేడు నేను వెళ్లినప్పుడు తిన్నాను" అంది.

మేపుల్ ఆకు ఆకారం, లోపల తీపి చిక్కుడు ముద్ద. అది ఏ ఊరిదో చెప్పలేని మనిషి ఆ దేశంలో ఉండడు. చిజురు చేతిలో ఖాళీ అయిన పెట్టె చల్లగా తగిలింది.

అందరిలోకీ పెద్దదైన తోషియె ముందుగా తేరుకుంది.

"ఈమధ్య ఎక్కడివి అక్కడే దొరుకుతున్నాయా ఏంటమ్మా. అన్ని ఊళ్లలోనూ అన్నీనూ."

ఒగిహర నిదానంగా నమిలి మింగాడు. "మత్సుయే మిఠాయి మత్సుయే మిఠాయే. ఆ ఊరి నీళ్లలో ఉంది మహిమ."

అవునవునన్నారు అందరూ.

"కానీ పెట్టె మీద హిరోషి..."

"బినీతా, నీ టీ చల్లారిపోతోంది" అంది తోషియె.

చిజురు ఖాళీ పెట్టెను బల్ల కిందికి తోసేసింది.

ఎవరైనా నిలదీసి ఉంటే నిజం చెప్పేసేది. ఎవరూ అడగలేదు. తోషియె ఇంట్లో ఊరబెట్టిన ముల్లంగి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టింది. ఆమె కప్పు ఎవరో కడిగిపెట్టారు. ఒగిహర సాయంత్రం వేళకే లేచి, "అలిసినట్టున్నారు సోనోబెగారూ, ఇంటికి వెళ్లండి" అన్నాడు. వాళ్లు మంచితనం పేర్చుతున్నకొద్దీ గోడ లేస్తున్నట్టుంది ఆమెకు.

అట్టపెట్టెల గదిలో బినీత ఆమెను పట్టుకుంది.

"ఉద్యోగం వచ్చిందా అక్కా?"

"ఏ ఉద్యోగం?"

"పిన్ని ఆబ్దికమని చెప్పి హిరోషిమా వెళ్లేది ఉద్యోగం కోసమన్నా అవ్వాలి, మగాడి కోసమన్నా అవ్వాలి. మగాడైతే నీ మొహం ఇలా ఉండదు."

చిజురు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "శనివారం మళ్లీ రమ్మన్నారు. ఖాయమైనట్టే."

"మేనేజరుతో చెప్పెయ్ మరి."

"ఏమని చెప్పను? అందరి ముందూ ఆయన మత్సుయే అన్నాడా లేదా? నేను కాదంటే ఆయనా తోషియెగారూ అబద్ధమాడినట్టు కాదూ?"

"ఆడారుగా."

"నా కోసం ఆడారు."

"నువ్వు ఆడమన్నావా?"

చిజురు అరచెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వింది. "నీకు తెలియదులే, బినీతా."

"తెలియకపోవడమే నయంలా ఉంది నాకు."

ఆ మాట ఆమెకు ధైర్యమిచ్చింది. శుక్రవారం సాయంత్రం చెప్పేద్దామని నిశ్చయించుకుని, వాక్యాలు లోపల వరసగా పేర్చుకుంది. ఒగిహర కుర్చీలోంచి లేచాడు. ఆమె కూడా లేచింది. ఆయన సొరుగులోంచి బూడిదరంగు కాగితం చుట్టిన సన్నని పెట్టె తీసి, రెండు చేతులతో ఆమె ముందుకు చాచాడు. అగరు వాసన వచ్చింది.

"మీ పిన్నిగారికి. పటం ముందు వెలిగించండి. మేమందరం కలిసి కొన్నాం. ముందే తెలిస్తే ఆ రోజుకే అందేలా పంపేవాళ్లం. మీరు లేకపోతే ఈ ఆఫీసు ఎలా నడుస్తుంది చెప్పండి."

ఆయన వెనక అందరూ నిలబడి తలలు వంచారు. బినీత కూడా, ఒక క్షణం ఆలస్యంగా. చిజురు ఆయన ముఖంలో ఎగతాళి కోసం వెతికింది. లేదు. కట్టిపడెయ్యాలని ఇచ్చాడో, మనసారా ఇచ్చాడో, ఇన్నేళ్లు ఎదురుగా కూర్చున్న ఆమెకు అంతుపట్టలేదు. బహుశా ఆయనకూ తెలిసి ఉండదు. ఆమె రెండు చేతులతో పెట్టె అందుకుని అందరికంటే ఎక్కువగా వంగింది.

అగరొత్తులు పుచ్చుకున్న మనిషి తిరుగుకానుక ఇవ్వాలి. ఈసారి అది మత్సుయే కొట్టు కాగితం చుట్టిందే అయి ఉండాలి. కంపెనీకి సెలవు చేపల బజారు మూసే శనివారమే. మత్సుయేకు పై శనివారం వెళ్లకూడదా అంటే, ఆ వారమంతా వాళ్ల టీ తాగుతూ, వాళ్ల ముల్లంగి తింటూ బాకీ మొహంతో ఎలా తిరగడం? అదీగాక, చనిపోయినవాళ్లకని ఇచ్చింది పుచ్చుకుని, మర్నాడే వేరే ఊళ్లో కొలువు కుదుర్చుకు రావడానికి ఆమెకు కాళ్లు రాలేదు.

శనివారం పొద్దున స్టేషనులో నిలబడి హిరోషిమాకు ఫోను చేసింది. తప్పించుకోలేని పని పడిందని చెప్పింది. అవతల యజమాని భార్య క్యాలెండరు తిప్పిన చప్పుడు వినిపించింది.

"పోనీ రేపు రాగలరా?"

"రేపు డ్యూటీ ఉందండీ."

"అయ్యో. మధ్యాహ్నం ఇంకొకావిడ వస్తోంది. మీరు రేపు కూడా రాలేకపోతే మావారు ఆవిడనే ఖాయం చేసేస్తారు మరి."

"అలాగేనండీ. శ్రమ ఇచ్చాను, మన్నించండి" అంటూ చిజురు ఫోనుకు నమస్కరిస్తూ వంగింది. ఫోను పెట్టేశాక కూడా ఇంకోసారి వంగింది.

తూర్పు వైపు వెళ్లే రైలు వచ్చింది. సముద్రం కనిపించే వైపు సీటు దొరికింది గాని ఆమె అటు చూడలేదు. అగరొత్తుల పెట్టె ఒళ్లో పెట్టుకుని, "ఆబ్దికం చలికాలంలోనే అయిపోయింది కదా, ఇప్పుడు ఇవేంటి?" అని పిన్ని కూతురు అడిగితే ఏం చెప్పాలో ఆలోచించడం మొదలుపెట్టింది.